సాయిలు పేరు మీద వచ్చిన రక్తం

రోజంతా నాతో మాట్లాడేవాళ్ళు నా మాటే నాకు తిరిగి చెబుతారు. ఇది ఫిర్యాదు కాదు, మా ఉద్యోగంలో నిబంధన. గచ్చిబౌలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, అందులో ఎమర్జెన్సీ వెనకాల ఒక చిన్న ల్యాబు, ఆ ల్యాబులో నేను. పేరు వీరలక్ష్మి, ఊరు తణుకు, వయసు యాభై నాలుగు. ఎవరి రక్తంలోనైనా ప్రమాదకరమైన అంకె కనబడితే వెంటనే ఫోను చేసి చెప్పాలి. అవతలివాళ్ళు రాసుకుని, రాసుకున్నది నాకు పైకి చదివి వినిపించాలి. "పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది" అంటాను. "పొటాషియం ఆరు పాయింట్ ఎనిమిది" అంటారు. "అవును" అంటాను. పెట్టేస్తారు. కొన్ని రోజులు ఇంతకుమించి నేను మనిషితో మాట్లాడిన మాట ఒక్కటీ ఉండదు.

లింగంపల్లిలో ఒక గది, వంటిల్లు. పెళ్ళయింది, నాలుగేళ్ళు నడిచింది, ఆగింది. దాని గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. బంధువులు ఫోను చేస్తారు, చేతిలో రిపోర్టు పట్టుకుని. "అక్కా, షుగరు నూట నలభై అంటే ఎక్కువా?" అని అడుగుతారు. నువ్వెలా ఉన్నావని ఆఖర్న అడుగుదామనుకుంటారు, ఆఖరికి మరిచిపోతారు. ఆదివారాలు నాకు పడవు. మాట్లాడక సాయంత్రానికి గొంతు బొంగురు పోతుంది. కూరలబండి అతనితో నేను బేరమాడేది వంకాయల కోసం కాదు.

సాయిలు నాకు రెండేళ్ళుగా తెలుసు. ముఖం చూసి ఎరగను. మా పై అంతస్తులో డయాలసిస్ యూనిట్ ఉంది, మిషనుతో రక్తం శుభ్రం చేసే చోటు. మంగళవారం, శుక్రవారం అతని వంతు. రెండు కిడ్నీలూ పనిచేయవు. నెలకు రెండుసార్లు అతని రక్తం నా దగ్గరకు వస్తుంది. క్రియాటినిన్ అని ఒకటి ఉంటుంది, కిడ్నీలు వడకట్టి పారెయ్యాల్సిన చెత్త. మామూలు మనిషిలో ఒకటి దాటదు. సాయిలుకు తొమ్మిది, పది. ఒకసారి పన్నెండు దాటితే ఏ వంతు ఎగ్గొట్టాడో అని నాలో నేనే తిట్టుకున్నాను. ఎండాకాలంలో పొటాషియం పెరిగితే, మామిడిపండు తినుంటాడు, తింటే తిన్నాడులే పాపం, ఏడాదికొక్కసారి కదా అనుకున్నాను. ఇంట్లో మనిషి గురించి అనుకున్నట్టే అనుకునేదాన్ని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఆ రోజు గురువారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఎమర్జెన్సీ నుంచి వచ్చిన ట్యూబుల్లో ఒకదాని మీద అతని పేరు కనబడింది. సాయిలు, నలభై మూడేళ్ళు, గుండెల్లో నొప్పి. "అయ్యో, మనవాడే" అని పైకే అన్నాను. ముందుగా అతని ట్యూబే మిషనులో పెట్టాను.

క్రియాటినిన్ 0.9 వచ్చింది.

రెండు కిడ్నీలూ పోయిన మనిషికి 0.9 రావాలంటే దేవుడే దిగిరావాలి. దిగివచ్చినా మా ఎమర్జెన్సీలో ముందు రిజిస్ట్రేషను చేయించుకోవాలి. పాత అంకెలూ కొత్త అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించే ఏర్పాటు మా కంప్యూటరులో ఉంది. ఇంత తేడా వస్తే తెర ఎర్రబడుతుంది. ఎర్రబడిందంటే అర్థం ఒకటే. ఒకరి రక్తం ఇంకొకరి పేరున్న ట్యూబులో పడింది. ఇలాంటి పొరపాటుతో మనుషులు చచ్చిపోతారు. ఒకరికి ఇవ్వాల్సిన మందు ఇంకొకరికి వెళుతుంది. అందుకే ఎర్ర తెర చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫోను తీశాను. స్రవంతి ఎత్తింది. ఎమర్జెన్సీలో నర్సు, సిద్దిపేట పిల్ల, పని నేర్పరే కానీ పరుగు ఎక్కువ.

"ఏమ్మా, ఆరో నంబరు బెడ్డు సాయిలు రక్తం ఎవరు తీశారు?"

"నేనే తీసిన మేడం."

"నిద్రపోతూ తీశావా? ఇది అతని రక్తం కాదు."

"అయ్యో, గట్లెట్లయితది మేడం? చేతికున్న బ్యాండు చూసిన. పేరడిగిన, పుట్టిన తేదీ అడిగిన. ఎంత మంచిగ చెప్పిండో. మా దిక్కు పెద్దమనుషులు పుట్టిన తేదీ అంటే ఆకాశం దిక్కు చూస్తరు. ఈయన టక్కున చెప్పిండు."

"చెప్పాడు సరే. ఆ పక్క బెడ్డు మనిషిది కూడా అప్పుడే తీశావు కదా. అటుదిటు అయింది. మళ్ళీ తీసి పంపు."

"మేడం, నేను..."

"మళ్ళీ తియ్యి."

అదే ట్యూబులో గుండె పరీక్ష కూడా జరిగింది. ట్రోపోనిన్ అంటారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి కారే పదార్థం అది. ముప్పై లోపు ఉండాలి, అరవై ఒకటి ఉంది. కానీ రక్తమే అతనిది కాదని తేల్చాక ఆ అంకెను అతని పేరు మీద ఎలా పంపిస్తాను? ఒక్కటి అబద్ధమైతే ఆ ట్యూబులో అన్నీ అబద్ధమే. అదీ నిబంధనే. రిజెక్ట్ నొక్కాను. పక్క బెడ్డు మనిషి రిపోర్టు కూడా ఆపించాను. చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా అనిపించింది. నేను కాబట్టి పట్టుకున్నాను, ఇంకొకరైతే వదిలేసేవారు అనుకుని టిఫిను డబ్బా తెరిచాను. పెరుగన్నం తిన్నాను. ఆ పెరుగన్నం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండో ట్యూబు రావడానికి యాభై నిమిషాలు పట్టింది. ఏదో బస్సు ప్రమాదం కేసులు వచ్చాయట, స్రవంతికి చేయి ఖాళీ లేదు. ఈసారి పక్కన ఇంకో నర్సును నిలబెట్టి, ఇద్దరూ సంతకాలు పెట్టి పంపింది. అంటే నా మీద కోపం వచ్చిందన్నమాట.

మిషనులో పెట్టాను. క్రియాటినిన్ 0.9. హిమోగ్లోబిన్ పద్నాలుగుంబావు. సాయిలుకు ఎనిమిది దాటిన రోజు లేదు.

ట్రోపోనిన్ నూట నలభై ఎనిమిది.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. ట్యూబులు తారుమారైతే రెండుసార్లూ అదే మనిషి రక్తం రాదు. మొదటిసారీ ఆ పిల్ల తప్పు చేయలేదు. ఆ బెడ్డు మీదున్న మనిషి రక్తమే రెండుసార్లూ వచ్చింది. అంటే తప్పు ట్యూబులో లేదు, మనిషిలో ఉంది. ఆ మనిషే సాయిలు కాడు. ఎవరైతేనేం, అతని గుండె యాభై నిమిషాలుగా దెబ్బతింటోంది. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసీ రిజెక్ట్ నొక్కిందీ నేనే.

పక్క టేబులు దగ్గర రవికిరణ్ ఉన్నాడు, మా జూనియరు, రాజమండ్రి అబ్బాయి. ఒకసారి ఎమర్జెన్సీకి వెళ్ళొస్తాను, చూస్తుండమన్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? మళ్ళీ రిజెక్ట్ కొట్టెయ్యండి, మూడోది పంపుతారు" అన్నాడు.

"మూడోది వచ్చేసరికి మనిషి ఉండాలిగా" అన్నాను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో పని మధ్యలో ల్యాబు వదిలి బయటికి నడవడం అదే మొదటిసారి.

ఆరో నంబరు బెడ్డు తెర వెనకాల ఉంది. సెక్యూరిటీ గార్డు యూనిఫాం, నీలం చొక్కా. గుండీలు విప్పి ఛాతీకి తీగలు అంటించారు. చొక్కా జేబు మీద పేరు బిళ్ళ, సాయిలు అని. ఆ పేరూ కంపెనీ చూసే కౌంటరులో పాత ఫైలు తెరిచారట. పక్కన ఎవరూ లేరు. మైండ్‌స్పేస్ ఐటీ పార్కు దగ్గర ఒక కంపెనీ గేటులో పడిపోతే ఆఫీసు క్యాబు డ్రైవరు ఎత్తుకొచ్చి దింపి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడట. నుదురంతా చెమట. ముప్పై అయిదు దాటిన మనిషిలా లేడు. రెండేళ్ళుగా నేను ఊహించుకున్న మనిషి కాడు ఇతను.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు చేతిలో రక్తనాళాలు కలిపి కుడతారు, సూదులు పెట్టడానికి. అక్కడ తాడులా ఉబ్బి ఉంటుంది, వేలు పెడితే లోపల జుయ్‌మంటుంది. పొడుగు చేతుల చొక్కా. ఒక చెయ్యి మాత్రమే మడిచారు. రెండోది నేను మడిచాను. రెండు చేతులూ నున్నగా ఉన్నాయి.

"నీ పేరేమిటి నాయనా?" అన్నాను.

"సాయిలు."

"పుట్టిన తేదీ?"

టక్కున చెప్పాడు. తేదీ, నెల, సంవత్సరం. బళ్ళో పిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు.

"డయాలసిస్ ఎక్కడ పెడుతున్నారు నీకు? ఈ చేతికా, ఆ చేతికా?"

అతను నా వైపు చూశాడు. ఆ చూపులో భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. నొప్పి వల్ల వచ్చిన భయం కాదది.

"మేడం, జర గ్యాస్ పట్టింది గంతే. గోలి ఇస్తే పోత" అన్నాడు.

వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాను. "సాయిలు నీకేమవుతాడు?"

కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెవి మీదికి జారాయి.

"మా అన్న" అన్నాడు. "ఆయనకు కిడ్నీలు ఖరాబైనయి. నౌకరీ పోతే కంపెనీ ఇచ్చిన దవాఖాన కార్డు పోతది. కార్డు పోతే రక్తం కడిగే మిషన్ బంద్ అయితది. అందుకే ఆయన డ్రెస్సు నేనేసుకున్న. సూపర్‌వైజర్‌కు ఎర్కే. రెండేండ్లయింది. అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, ఎవ్వలకు చెప్పకు. అన్న సచ్చిపోతడు."

రెండేళ్ళుగా రోజుకు పన్నెండు గంటలు ఆ గేటు దగ్గర ఇతను తన పేరు కాని పేరుకు పలికాడు. సెల్యూట్ కొట్టించుకున్నవాళ్ళు సాయిలు అన్నారు, టీ కొట్టువాడు సాయిలు అన్నాడు. చంద్రమ్మ అని ఆ కంపెనీలో ఊడ్చే ఆవిడ, తమ్ముడిలా చూసుకునేదట, ఆవిడా సాయిలే అంది. ఈ సంగతులన్నీ తరువాత తెలిశాయి. ఆ క్షణంలో నాకు వచ్చింది కోపం. అతని మీదో, కార్డు మీదో, నా మీదో తెలియదు.

డాక్టరు నితీష్ అక్కడే ఉన్నాడు. చిన్నవాడు, చురుకైనవాడు, ఆ రోజు అతని మీద పదకొండు బెడ్లున్నాయి. వెళ్ళి చెప్పాను, "డాక్టరుగారూ, ఆరో నంబరు ట్రోపోనిన్ నూట నలభై ఎనిమిది."

"డయాలసిస్ పేషెంట్ కదండీ. వాళ్ళకు ఎప్పుడూ ఎంతోకొంత ఎక్కువే ఉంటుంది. ఈసీజీలో మార్పు కూడా పొటాషియం వల్లే అయ్యుంటుంది. నెఫ్రాలజీకి చెప్పాను, పైకి తీసుకెళ్ళి డయాలసిస్ పెడతారు."

"గంట కింద అరవై ఒకటి ఉంది. పెరుగుతోంది."

"అరవై ఒకటా? ఆ రిపోర్టు నాకు రాలేదే?"

"నేను రిజెక్ట్ చేశాను" అన్నాను.  "క్రియాటినిన్ 0.9 వచ్చిందని రిజెక్ట్ చేశాను. రెండోదీ అంతే వచ్చింది. రెండూ సరైనవే."

"ఎలా సరైనవవుతాయండీ? ఫైలులో తొమ్మిదిన్నర ఉంది."

ఇక్కడ ఆగాను. చెప్పకుండా గట్టెక్కే దారి ఉందేమోనని వెతికాను. లేదు. ఆ ఫైలు ఉన్నంతసేపూ ఇతన్ని కిడ్నీ రోగిగానే చూస్తారు. లేని రోగానికి వైద్యం చేస్తారు, ఉన్న రోగాన్ని వదిలేస్తారు. చెబితే పైఅంతస్తులో ఇంకొక మనిషి వంతు ఆగిపోతుంది. ఆ మనిషి నాకు ముఖం తెలియని మనిషే, కానీ ఈ ఊళ్ళో నేను అంతగా పట్టించుకున్నవాళ్ళు వేరే ఎవరూ లేరు.

"ఫైలు ఇతనిది కాదండీ. అతని చేతులు చూడండి" అన్నాను.

నితీష్ చూశాడు. రెండు చేతులూ తడిమాడు. ముఖం మారిపోయింది. ఆ అబ్బాయిని మెచ్చుకోవాలి, ఒక్క ప్రశ్న వెయ్యలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఇంకో ఈసీజీ తీయించాడు. చూసి, పైకి పంపడం మానేసి, గుండె డాక్టరుకు ఫోను చేశాడు. రక్తనాళంలో అడ్డం ఉంది, వెంటనే లోపలికి తీసుకువెళ్ళి తెరవాలన్నారు. చేతి బ్యాండు మీద తప్పుడు పేరుతో ఆ గదిలోకి మనిషిని పంపరు. స్రవంతి కొత్త బ్యాండు తెచ్చింది.

"అన్నా, మీ అసలు పేరు చెప్పుండ్రి" అంది.

"సాయిలు."

"అన్నా, అంతా ఎర్కైంది. చెప్పుండ్రి."

"సాయిలే నా పేరు."

"పేరు తెలియదని రాద్దాం. ముందు లోపలికి తీసుకెళ్దాం" అన్నాడు నితీష్.

"గప్పుడు సాయిలు ఏడున్నడని అడుగరా?" అంటూ అతను లేచి కూచున్నాడు. ఛాతీ మీద తీగలు పీకేశాడు. మిషను కూత పెట్టింది. "నన్ను ఇడువుండ్రి సార్. ఆటోల ఇంటికి పోత. నాకేం గాలే. సంతకం పెడ్త, ఇడువుండ్రి." కాళ్ళు కిందికి దించాడు. నిలబడబోయి ముందుకు తూలితే స్రవంతీ నేనూ చెరో పక్క పట్టుకున్నాం. వద్దని చెబుతున్న మనిషికి బలవంతంగా వైద్యం చేయలేరు. మాట్లాడగలుగుతున్నాడు, తెలివిలో ఉన్నాడు. వెళతానంటే గుమ్మం దాకా వెళ్ళే హక్కు అతనికి ఉంది. గుమ్మం దాటి ఎంత దూరం వెళతాడో మా అందరికీ తెలుసు.

స్రవంతి టేబులు మీది కంప్యూటరులో సాయిలు ఫైలు తెరిచి, అందులో ఉన్న ఫోను నంబరు నా సెల్లులో నొక్కాను. 

"హలో" అంది ఒక గొంతు. సన్నగా, నీరసంగా ఉంది.

"సాయిలుగారేనాండీ? ఆసుపత్రి నుంచి."

"ఆఁ, సాయిలునే. రేపటి టైం మారిందా అమ్మా?"

రెండేళ్ళలో మొదటిసారి అతని గొంతు విన్నాను. వినాల్సిన సందర్భం అది కాదు. ఉన్న సంగతి నాలుగు మాటల్లో చెప్పాను. గేటులో పడిపోయాడు, గుండెపోటు, పేరు చెప్పడం లేదు, వెళ్ళిపోతానంటున్నాడు.  అవతల పక్కనుంచి రైలు వెళుతున్న మోత వినబడింది.

"ఆనికి ఇయ్యమ్మా ఫోను" అన్నాడు.

తమ్ముడి చెవి దగ్గర పెట్టాను. పాత ఫోను నాది, అవతలి మాట పక్కవాళ్ళకు కూడా వినబడుతుంది.

"ఒరే స్వామీ, నీ పేరు చెప్పుర."

"చెప్ప. నువ్వు ఊకో అన్నా."

"నేను చెప్పేది ఇను. సర్కారు దవాఖానల నాకు జాగ దొరికింది. మొన్ననే ఫోన్ జేసిండ్రు, రేపే రమ్మన్నరు. ఈ కార్డుతోని ఇగ మనకు పనే లేదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఐతారం నువ్వు ఇంట్ల ఉంటవు గద, కూసోబెట్టి చెప్దామనుకున్న. ఫికర్ జెయ్యకు."

"నా మీద ఒట్టెయ్యి."

"నీ మీదెందుకుర, నా మీదొట్టు. చెప్పు పేరు."

స్వామి ఫోను వంక చూశాడు, నా వంక చూశాడు. తరువాత మెల్లగా వెనక్కి వాలాడు. స్రవంతి నిబంధన ప్రకారం మళ్ళీ మొదటినుంచి అడిగింది.

"మీ పేరు?"

"స్వామి."

"పుట్టిన తేదీ?"

నోరు తెరిచి ఆగిపోయాడు. అన్న పుట్టినతేదీ రెండేళ్ళు నూరిపోసుకున్నాడు, తనది ఏనాడూ అవసరం పడలేదు. "నాది తెల్వది" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. స్రవంతి కూడా కళ్ళు తుడుచుకుంటూనే, తెలియదు అని రాసి బ్యాండు కట్టింది. బెడ్డు తోసుకుంటూ పరిగెత్తారు.

నేను ల్యాబుకు వెళ్ళి, ఆపించిన పక్క బెడ్డు మనిషి రిపోర్టు పంపేసి, నేను కొట్టేసిన మొదటి రిపోర్టును స్వామి పేరు మీదికి మార్చి, ఎందుకు మార్చానో కింద రాసి, సంతకం పెట్టాను. నా పొరపాటు నేనే నమోదు చేసుకున్నాను. స్రవంతికి ఫోను చేసి, తప్పు నాదే అమ్మా, నిన్ను అనరాని మాట అన్నాను అన్నాను. "తప్పు నాదే అన్నరు మేడం" అంది ఆ పిల్ల, అలవాటు కొద్దీ. ఇద్దరికీ నవ్వు రాలేదు.

నాలుగున్నరకు స్రవంతే కబురు చేసింది. అడ్డం తొలగించారట. గుండె కొంత దెబ్బతిన్నది కానీ ప్రాణానికి భయం లేదట. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేమన్నారట. అరగంట అన్నది నాకు బాగా వినబడింది. డ్యూటీ దిగి బయటికి వచ్చేసరికి రిజిస్ట్రేషను కౌంటరు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. బక్కపలచగా, ముఖం మాత్రం నీరు పట్టి ఉబ్బి ఉంది. ఎడమ చెయ్యి మీద తాడులాంటి నరం.

"నా పేరు సాయిలు. లోపట పండుకున్నోడు నా తమ్ముడు స్వామి. గేటుల పని చేసింది ఆడే. రాసుకోండ్రి" అంటున్నాడు. గొంతులో వణుకు లేదు.

కౌంటరులో అమ్మాయి లోపలికి ఫోను చేసింది, మళ్ళీ చేసింది. చివరికి ఎటో చూస్తూ చెప్పింది. "అయితే ఈ కార్డు మీద రేపటి డయాలసిస్ కుదరదండీ. ఇప్పుడే ఆపెయ్యమన్నారు."

"తెల్సమ్మా" అన్నాడు. వచ్చి బెంచీ మీద కూచున్నాడు. పక్కనే కూచున్నాను.  మీ క్రియాటినిన్ నాకు తెలుసు అని మొదలుపెడతానా? నేనే ఫోను చేశానని చెప్పాను. చేతులెత్తి దండం పెట్టాడు. ఆ దండం తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఫైలులోంచి ఈ మనిషిని తోసేసింది నేనే కదా.

"పోనీలెండి, సర్కారు ఆసుపత్రిలో చోటు దొరకడం మంచిదైంది" అన్నాను. "రేపు ఎన్నింటికి రమ్మన్నారు? ఒంటరిగా వెళ్ళకండి, నాకు రేపు మధ్యాహ్నం డ్యూటీ, నేనూ వస్తాను."

"ఏడికమ్మా?" అన్నాడు.

నేను అతని ముఖంలోకి చూశాను. అతను చూపు తిప్పుకోలేదు.

"ఆరు నెల్లాయె పేరు రాయించి. ఇంక పిలుపు రాలే. అట్ల చెప్తెనే ఆడు ఇంటడు."

మంగళవారం నాడు అతని పొటాషియం అయిదున్నర ఉంది. రేపు వంతు తప్పితే ఎంతకు చేరుతుందో, ఇంకో వంతు తప్పితే ఎంతకు చేరుతుందో, ఏ అంకె దగ్గర గుండె ఆగుతుందో నాకు తెలుసు. అతనికీ తెలుసని అతని ముఖమే చెప్పింది. రేపు ఏదో ఒకటి చేద్దాం, తెలిసినవాళ్ళను పట్టుకుందాం, ఎవరినైనా అడుగుదాం అని గబగబా అనేశాను. నాకు తెలిసినవాళ్ళంటూ ఎవరున్నారో నాకే తెలియదు. ఇంతలో లోపలినుంచి స్రవంతి వచ్చి, స్వామికి మెలకువ వచ్చింది, అన్న సర్కారు దవాఖాన సంగతి మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు, ఎవరైనా వచ్చి చెప్పండి అంది.

నేను లేచాను. సాయిలు నా కొంగు పట్టుకున్నాడు.

"ఆనికి చెప్పకుండ్రమ్మా. తెలిస్తే మళ్ల లేస్తడు."